బోర్డు మీద తొమ్మిదో పేరు

"కంగారెందుకు చెల్లెమ్మా, ఆ ఫారం ఇలా బల్ల మీద పెట్టు, టీ ఒలకని వైపు. ఆఫీసు కిటికీ నాలుగింటి దాకా తెరిచే ఉంటుంది. ఎదురుగా కనిపిస్తోందే సిస్టర్ల కాన్వెంటు, అందులో ఐదేళ్ళు చదివాను నేను. లోపలికెళ్ళగానే గోడకి పెద్ద బోర్డుంటుంది, ‘మా బడి గర్వించే పూర్వ విద్యార్థులు’ అని. అందులో తొమ్మిదో పేరు నాదే" అన్నాడు మేస్త్రి, టీ కొట్టు బల్ల మీద చోటు చేస్తూ.

బట్టలు కుట్టే ఆవిడ ఫారం బల్ల మీద పెట్టింది గానీ చెయ్యి తీయలేదు.

"అందరూ ఆ బోర్డు చూసే చేర్పిస్తున్నారట అన్నయ్యా. మా పిల్లకి ఆరేళ్ళొచ్చాయి, గడప దాటితే నోరు విప్పదు. నలుగురిలో మాట్లాడని పిల్లని జడ్జిలు చదివిన బడిలో వేసి ఏం చేయను? వెనక వీధిలో చిన్న బడి ఉంది. ఎటూ తేలట్లేదు, ఇవాళే ఆఖరు."

"నేను తేలుస్తాగా."

"పైపులు బిగించే మేస్త్రివి, నీ పేరెందుకేశారు బోర్డు మీద?" అన్నాడు టీ బాబాయ్, పాలు కలుపుతూ.

"అలా అడుగు బాబాయ్. మొదటి పేరు జడ్జిది, అవునా? నా బెంచీయే. గోళీల తగాదాకి నేను తీర్పు చెప్తుంటే పక్కన నిలబడి నోరెళ్ళబెట్టి చూసేవాడు. ఈ రోజుకీ కలం పట్టేముందు కళ్ళు మూసుకుని నన్ను తలుచుకుంటాడట. రెండోది ఆపరేషన్లు చేసే డాక్టరు. నా ముక్కులో బలపం ఇరుక్కుంటే పీకింది వాడే, అదే వాడి మొదటి ఆపరేషను. మరి ముక్కెవరిది? నేను ఇవ్వకపోతే వాడెక్కడ, డాక్టరీ ఎక్కడ?"

"ఇచ్చావా, ఇరికించుకున్నావా?"

"ఇచ్చాను బాబాయ్, వాడి చదువు కోసం. ఇక మూడోవాడు ఓడ కెప్టెను. ఓసారి కుళాయి ఊడిపోయి క్లాసులోకి నీళ్ళొచ్చాయి. నేను బొటనవేలు అడ్డం పెట్టాను, వాడు బెంచీలు కట్టి పిల్లల్ని ఎక్కించాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు తుమ్మొచ్చింది. వేలు జారింది. నీళ్ళు రెండో అంతస్తుకెక్కాయి."

"ఆ బడికి రెండో అంతస్తు లేదుగా."

"ఆ నీళ్ళ కోసమే కట్టారు, తగ్గాక తీసేశారు. అడ్డుపడకు. ఇవన్నీ నా పేరు పక్కన రాద్దామని పెయింటరు మొదలుపెట్టాడు చెల్లెమ్మా. బోర్డు చాల్లేదు, గోడెక్కాడు. గోడ చాల్లేదు, సైన్సు గది చుట్టూ తిరిగి, వంటగది మీదుగా గంట స్తంభం దాకా పోయాడు. ముసలాడైపోయి కుంచె కొడుక్కిచ్చాడు. వాడు రాసుకుంటూ రాసుకుంటూ ఊళ్ళు దాటాడు, సముద్రం దాటాడు. చివరికి రోము నుంచి ఉత్తరమొచ్చింది, ‘అయ్యా, మీ మేస్త్రి గొప్పలు మా గేటు దాకా వచ్చేశాయి, ఇక ఆపండి, కడిగేవాళ్ళు లేరు’ అని. ఇప్పటికీ విమానాలు నా పేరు చూసుకునే ఎడమకి తిరుగుతాయి."

మూల స్టూలు మీద ఆయమ్మ టీలో బిస్కట్టు ముంచుకుంటోంది. కాన్వెంటులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి మానేసిన మనిషి, ఇల్లు ఇప్పటికీ ఆ ప్రహరీ పక్కనే.

"తొమ్మిదోది పాటలు పాడే అమ్మాయిది నాయనా" అంది. "నువ్వు చేరేనాటికే బోర్డు మీద ఆ పదకొండు పేర్లూ ఉన్నాయి. నీ బెంచీ జడ్జికి అప్పటికే బట్టతల."

టీ బాబాయ్ నవ్వాపుకోలేక పాలగిన్నె దించేశాడు.

"ఆ పేర్లు నీకెలా వచ్చో చెప్పనా?"

"వద్దులే ఆయమ్మా" అన్నాడు మేస్త్రి, ఈసారి మెల్లగా.

ఆయమ్మ కుట్టుపని ఆవిడ వైపు తిరిగింది. "వీడు రెండేళ్ళు నోరు విప్పలేదమ్మా. హాజరు పిలిస్తే చెయ్యెత్తేవాడు, అంతే. ఆ బడిలో ఒక పద్ధతుంది. పొద్దున ప్రార్థనయ్యాక ఒకరు ఆ బోర్డు పైకి చదవాలి. గడగడా చదివేవాళ్ళకివ్వరు, మాట పెగలని వాళ్ళకే ఇస్తారు. పేర్లు అందరికీ కంఠతా వచ్చుగా, ఆగిన చోట బడంతా అందిస్తుంది. మొదటి రోజు జడ్జి పేరులో మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. నెలకి డాక్టరు దాకా వచ్చాడు. ఏడాది తిరిగేసరికి పదకొండూ చదివి, ఆపమంటే ఆపకుండా పన్నెండోదిగా తన పేరు చదివేశాడు. అప్పుడు తెరిచిన నోరు, ఇదిగో."

"అయితే ఆ బోర్డు దండగేనంటావా?" అన్నాడు బాబాయ్.

"చూసి మురవడానికి దండగే. ఇలాంటివాళ్ళ చేత చదివించడానికి పనికొస్తుంది."

"ఇప్పుడూ చదివిస్తున్నారా?" అంది కుట్టుపని ఆవిడ.

"ఇవాళ పొద్దున కూడా విన్నాను. ఎవరో పిల్ల, నాలుగో పేరు దగ్గర ఆగింది."

ఆవిడ మేస్త్రి వైపు చూసింది. "మొదటి రోజు ఎలా అనిపించింది అన్నయ్యా?"

మేస్త్రి గ్లాసు అటూ ఇటూ తిప్పాడు.

"కాళ్ళు వణికాయి" అన్నాడు.

దాని వెనకాల ఇంకేదో వస్తుందని బాబాయ్ చూశాడు. రాలేదు. ఆవిడ ఫారం తీసుకుని, చెంగుతో ముఖం తుడుచుకుని, రోడ్డు దాటి గేటులోకి వెళ్ళిపోయింది.

ఆవిడ కనుమరుగయ్యే దాకా ఆగాడు మేస్త్రి.

"ఎంతలా వణికాయంటే బాబాయ్, గంట స్తంభం మీద గంట దానంతటదే..."

"టీ తాగు మేస్త్రీ" అన్నాడు బాబాయ్.