అన్నం ముందా, తినడం ముందా

చిత్రావతి ఏరు పొర్లిన నాలుగో ఏడు, కరువుకు ఊళ్లో తాపీపని లేకుండా పోయింది. బత్తలపల్లె టీకొట్టులో సౌదీ నుంచి వచ్చిన అన్న, మర్నాడు అతని వెంట పోవాల్సిన తమ్ముడు నా పక్కనే కూర్చున్నారు.

"నేను రాలేనన్నా. పదిలో ఇంగ్లీషు మూడుసార్లు తప్పినోణ్ని."

"ఆడ మేస్త్రి కొరియావాడు. మన మాదిరే మాట్లాడతాడు."

"తెలుగా?"

"మాటలు వేరేరా, వరస మనదే. 'నేను అన్నం తిన్నా' అంటాడు. ఇంగ్లీషోడు 'నేను తిన్నా అన్నం' అంటాడు. వానికి అన్నం ఆఖర్న."

"ఎవరు ఎవర్ని తిట్టినారో ఎట్ల తెలుస్తాది?"

"మనం 'వాణ్ని'లో 'ని' పెట్టినట్ల, తిట్లు తిన్నోని పేరుకు తోక తగిలిస్తాడు. మాటలు ముందూ వెనకా చెప్పినా తిట్లు తిన్నోడు మారడు."

"తినేది నేనే కదా."

"మొదటిరోజు నన్ను తిట్టలేదురా. అన్నం తిన్నావా అనడిగినాడు. వాని మాటలో 'బాప్ మొగొస్సో?'"

తమ్ముడు చల్లారిన టీ తాగేశాడు. తెల్లారి పెట్టెతో బస్సెక్కుతూ, నన్ను చూసి "బాప్ మొగొస్సో?" అన్నాడు. తిన్నానని తల ఊపాను.