గంపలోళ్ల ఎస్తేరు

1956. ఎమ్మిగనూరు చర్చి వరండాలో ఉపదేశి పాత పెండ్లి పుస్తకాలకు పేర్ల పట్టిక రాస్తున్నాడు. ఒక వితంతువు వచ్చి ఎదురుగా కూర్చుంది.

“నన్ను గుర్తుపట్టినావా అప్పా?”

“కోడూరు ఎస్తేరమ్మ గదా. మీ ఆయన పోయినా పట్టికలో ఆయన ఇంటిపేరే రాయమంటివి.”

“నువ్వు పుట్టింటి పేరు గూడా అడిగితివి. అందరూ సచ్చిపోయినారు, ఆ పేరెందుకని కసిరినాను.”

“అయినా సెప్పినావు. ‘గంపల’ కింద గూడా రాసినాను. కొట్టేయాల్నా అమ్మా?”

“వద్దప్పా. మా అక్క వచ్చింది.”

“కరువులో పోయిందంటివి?”

“కోసిగి నుంచి కూలికి పోతా దావలో తప్పిపోయినాం. నాకు ఏడేండ్లప్పుడు. నా పెండ్లి, మొగుని ఇంటిపేరు మా అక్కకేం తెలుసు?”

“మరెట్ల కనుక్కొనింది?”

“ఆదోనిలో ఉంటాదంట. కొడుకు పెండ్లి మాట్లాడను ఈ చర్చి అయ్యగారి దగ్గరికి వచ్చి, గంపలోళ్లు ఎవరన్నా మిగిలినారా అని అడిగిందంట. ఆయన నీ పట్టిక తీసి, ‘గంపల ఎస్తేరు, తండ్రి సుంకన్న’ అని సదివినాడంట. ఆ పక్కనే నా మొగుని ఇంటిపేరు ఉంటే, మా ఇల్లు యాడని అడుక్కొంటా వచ్చింది.”

“ఇప్పుడు యాడుంది?”

“మా ఇంట్లో జొన్నరొట్టె కాలుస్తాంది. నన్ను పొయ్యికాడికి రానీలేదు. నిన్ను పిల్చుకొని రమ్మనింది.”

ఉపదేశి కలం పక్కన పెట్టాడు.

“ఉండమ్మా, పుస్తకం మూసి వస్తాను.”

“తొందరగా రా అప్పా. తిన్నాక మళ్లీ తెరువు. ఇంకా ఎవరి అక్కలు వెతుకుతాండారో.”