ఢిల్లీరావు వలేసి పట్టిన వైరస్

కవిటి రోడ్డు మీద ఢిల్లీరావు వ్యాను ఆగిందంటే మంగ టీ బడ్డీ దగ్గర బెంచీలు నిండిపోవాల్సిందే. పలాస ఫ్యాక్టరీలకి జీడిపిక్కల బస్తాలు తోలే మనిషి. అక్కడ బస్తాలు దించుతాడు, ఇక్కడ కబుర్లు దించుతాడు. ఆ కబుర్లంటే మంగకి ప్రాణం, పాలు పొంగిపోతున్నా పట్టించుకోకుండా వింటుంది. అలాంటి మంగ ఇవాళ మూతి ముడుచుకుని కూర్చుంది.

పొద్దున్నే ఢిల్లీరావు ఫోన్ నుంచి ‘పెళ్లి శుభలేఖ, తప్పక రావాలి’ అని మెసేజ్ వచ్చింది. కూతురు బిందుకి సంబంధాలు చూస్తున్నాడని ఊరందరికీ తెలుసు. కుదిరితే సంతోషమే. కానీ ఇన్నేళ్లుగా బావా బావా అని పిలుస్తుంటే, పెళ్లాన్ని పంపి గుమ్మంలో బొట్టు పెట్టించకుండా పిలుపు ఫోన్లో పడేస్తాడా? ఆ ఉక్రోషంతో మంగ దాన్ని తెరవనే లేదు. అసలే తల్లి కిడ్నీ మందులకి ఆధారమైన పింఛను ఆ ఫోన్లో ఉన్న ఖాతాలోనే పడుతుంది, అందుకని అదీ ఇదీ నొక్కాలంటే ఆవిడకి భయం కూడాను.

“వైరస్సంటే ఏటనుకున్నావు, నూకయ్య మావా?” అన్నాడు ఢిల్లీరావు గ్లాసు అందుకుంటూ, పక్కన కూర్చున్న చేపలు పట్టే ముసలాయనతో. “జొరం తెచ్చే పురుగు కాదు. అదీ ఓ మనిషి రాసిన పోగ్రామే. ఓ కంప్యూటర్లో దూరి, తనలాంటివే పుట్టించి, పక్కదాన్లోకి ఎల్లిపోద్ది. మొన్న మా షావుకారు ఫ్యాక్టరీలో అలగే దూరీసింది. తెర ఎర్రగా అయిపోనాది, లెక్కలన్నీ తాళం పడిపోనాయి. షావుకారు నెత్తి మీద చేతులెట్టుకున్నాడు. నాను బస్తా కిందడేసి లోపలికెల్లి ఏటి సేసానో తెలుసా? ముందు నెట్టు వైరు పీకీసాను! నెట్టు లేకపోతే అది పక్కదాన్లోకి ఎల్లలేదు, దాన్ని పంపిన దొంగోడితో మాటాడలేదు.”

“అంతేనా?” అన్నాడు కొబ్బరికాయల వ్యాపారం చేసే ధనుంజయ్.

“అంతే అయితే నువ్వూ సేసీగలవు. దారి మూసీసరికి దానికి రోషమొచ్చి కరెంటు వైర్లోకి దూకీసింది. అక్కణ్ణించి పిక్కలు కోసే మిషన్లోకి. వైరస్ పనే నకళ్లు తియ్యడం కదా, ఒక జీడిపప్పు రెండవుతోంది, రెండు నాలుగవుతున్నాయి. గోడౌను నిండిపోనాది, రోడ్డు నిండిపోనాది, బస్సులు పప్పు మీద జారుతున్నాయి!”

“ఓలమ్మా!” అంది మంగ. అలక మరిచిపోయి టీ గరిటె పట్టుకునే ముందుకొచ్చింది. అబద్ధమని తెలిసినా ఎంత బాగా చెప్తాడో ఈ మనిషి!

బెంచీ మీద ఢిల్లీరావు ఫోన్ ఆగకుండా గుయ్‌మంటోంది. “అభిమానులు, వదలరు,” అని దాన్ని బోర్లా తిప్పేశాడు.

“ఆ తర్వాత ఏటయిందో తెలుసా? అది నా వ్యాన్లోకి ఎక్కీసి, డ్రైవరు లేకుండా సముద్రం దాకా తోలుకొచ్చీసి, నీటిలోకి దిగిపోనాది. ఇంకేటుంది, సేపలకి నకళ్లు!”

“అదేనేటి!” నూకయ్య తొడ చరిచాడు. “ఆ పొద్దు వలేస్తే కవళ్ల సేపలన్నీ ఒకే మొకంతో ఉన్నాయి!”

“మరదే మావా! నాను మీ పడవే ఎక్కి, కొబ్బరికాయ కొట్టి, అందులో యాంటీవైరస్ నింపి సముద్రంలోకి గిరాటేసి, వెనకే వలేసి లాగాను. ఇంత పొడుగుంది, గిలగిల కొట్టుకుంది. షావుకారు లెక్కల నకలు ముందే విడిగా పెన్‌డ్రైవ్‌లో దాయించానేమో, సాయంకాలానికి ఫ్యాక్టరీ మళ్లీ నడిచింది.”

“బాగుంది గానీ,” అన్నాడు ధనుంజయ్, “అలాంటిది మన ఫోనుకొస్తే ఎలాగ పోల్చుకోవడం?”

“దొంగ దొంగనని సెప్పుకుని వస్తాడేటి? మనకి నచ్చినోళ్ల పేరెట్టుకుని వస్తాది. పెళ్లి పిలుపు అంటాది. శుభలేఖంటే ఫొటో కదా, ఫొటో సూడ్డానికి యాప్ ఎక్కించమంటుందా? పేరు సివర ఏపీకే అనుంటే ముట్టుకోకండి. పంపినోడికే ఫోన్ చేసి అడగండి.”

మంగ గరిటె పక్కన పెట్టి ఫోన్ తీసి చూసింది. శుభలేఖ పేరు చివర ఏపీకే అనే ఉంది.

“బావా, బిందు పెళ్లి ఎప్పుడు?”

“ఇంకా సంబంధమే కుదర్లేదు కదా!”

“మరి పొద్దున్న నువ్వు పంపిన శుభలేఖ ఎవరిది?”

ధనుంజయ్ కూడా ఫోన్ తీశాడు. “నాకూ వచ్చిందిరా, కొంపదీసి...”

ఢిల్లీరావు ఫోన్ తిరగేసి చూశాడు. అన్నీ పెళ్లి ఎక్కడని అడిగే మెసేజ్‌లే. “నిన్న షావుకారి పేరు మీద ఓ కార్డొచ్చింది,” అన్నాడు గొంతు తగ్గించి. “అంత పెద్దమనిషి నన్ను పిలిచాడన్న సంబరంలో ఏదో ఎక్కించమంటే ఎక్కించీసాను. కార్డు రాలేదు. నెట్టు బాగోలేదనుకున్నాను. బిందు పెళ్లికని దాచిన సొమ్ము ఈ ఫోన్లో ఉన్న ఖాతాలోనే ఉంది, మంగా!”

“సముద్రంలో ఉన్నదాన్ని వలేసి పట్టీసావు, జేబులోది కనపడలేదేటి బావా?”

బెంచీలన్నీ గొల్లుమన్నాయి. మంగ మాత్రం నవ్వలేదు. అతని చేతిలోంచి ఫోన్ లాక్కుని నెట్టు కట్టేసింది, షావుకారు ఫ్యాక్టరీలో అతను వైరు పీకినట్టే. తన ఫోన్ ఇచ్చి బ్యాంకుకి చేయించి, ఖాతా ఆపించింది. అవతలివాళ్లు చూసి, సొమ్ము కదల్లేదని చెప్పేసరికి ఢిల్లీరావు బెంచీ మీద కూలబడ్డాడు. ధనుంజయ్ ఈలోగా తెలిసినవాళ్లందరికీ ఆ శుభలేఖ నొక్కొద్దని కబురు పెట్టాడు.

“ఏటి సెయ్యాలో నువ్వు సెప్పబట్టే తెలిసింది బావా,” అని మంగ అతనికి ఇంకో టీ పోసింది. “నీ కోతల్లో సగం సముద్రంలో కలిసినా, మిగతా సగం మా ఇల్లు కాపాడింది.”

ఢిల్లీరావు తలెత్తి చూసి, “నువ్వెందుకు నొక్కలేదు మంగా? నా పేరుతోనే వచ్చింది కదా,” అన్నాడు.

“అక్క వచ్చి బొట్టెట్టలేదు కదా. బొట్టెట్టకుండా పిలిస్తే నీ ఇంటి పెళ్లికైనా నానెందుకొస్తాను?”