ఎప్పుడూ తొంభయ్యేనా?

ఆమె ఇంట్లో ఉంది. ఒళ్ళో పాప నిద్రపోతోంది. లారీ తోలుకెళ్ళిన భర్త ఫోనులో.

"అది కాదు బావా, తిన్నావా అని కాదు. ఎంత ఉంది అని అడిగాను."

"తిన్నానంటున్నాగా."

"గేర్‌బాక్సు! వేడి ఎంత చూపిస్తోంది? మీటరులో ముల్లు ఎక్కడుంది?"

"ఓ, అదా. తొంభై."

"ఎక్కడున్నావ్?"

"కొండ ఎక్కుతున్నా. సగం ఎక్కేశా."

"వెనక ట్రైలర్ ఉందా?"

"ఉంది. నిండా సిమెంటు బస్తాలు. ఏంటే ఈ పోలీసు ప్రశ్నలు? పాప పడుకుందా?"

"ఇప్పుడే పడుకుంది. మెల్లగా మాట్లాడు."

"అరుస్తున్నది నువ్వే."

"ఈ సాయంత్రానికి వచ్చేస్తానన్నావ్. వస్తున్నావా?"

"వస్తున్నా. అదే… దారిలోనే ఉన్నా కదా."

"నిన్నా దారిలోనే ఉన్నావ్."

"నిన్న లోడు ఆలస్యమైంది."

"సరే. నిన్న ట్రైలర్ విప్పేశాను, ఖాళీ బండితో కొండ దిగుతున్నా అన్నావు చూడు, అప్పుడెంత ఉంది?"

"ఎవరికి గుర్తు?"

"నాకు గుర్తు. తొంభై."

"అయితే తొంభయ్యే."

"పొద్దున్నే బండి స్టార్ట్ చేస్తూ ఫోన్ చేశావ్. అప్పుడూ తొంభయ్యే."

"బండి ఆరోగ్యంగా ఉందే. సంతోషించు."

"రాత్రంతా నిలబడ్డ బండి తాళం తిప్పగానే తొంభై ఎలా చూపిస్తుంది బావా? అప్పుడు ముల్లు లేవనే లేవదు. కొంత దూరం పోతేగానీ నూనె కాగదని నువ్వే చెప్పావ్."

"అబ్బా, ఏదో నోటికొచ్చింది చెప్పా."

"ఖాళీగా మామూలు రోడ్డు మీద ఎనభై, తొంభై. ట్రైలర్ తగిలిస్తే నూరు. తగిలించుకుని కొండెక్కితే నూట పది దాకా పోయినా కంగారు పడకు. నూట ఇరవై తాకిందా, పక్కకి తీసి ఆపు, ఇంజను కట్టేయకు, తిరగనీ, నూనె చల్లారుతుంది. ఇదంతా నాకు నేర్పిందెవరు?"

"నేనే. నా ఖర్మ."

"గేర్లు తనే మార్చుకునే బండి, లోపల నూనె మాడితే ఇక అంతే సంగతులని బెదిరించిందెవరు?"

"నేనేనే, నేనే. ఇప్పుడేమంటావ్?"

"మరి నిండు బస్తాలతో కొండ మీద తొంభై ఏంటి?"

"ఇక్కడ చలిగా ఉంది."

"ఇంజను చప్పుడేది?"

"అద్దాలు ఎక్కించా."

"అద్దాలెక్కిస్తే బయటి చప్పుడు పోతుంది. ఇంజను నీ కాళ్ళ దగ్గరేగా?"

"హలో? సిగ్నల్ సరిగ్గా లేదే… ఏం వినపడట్లేదు…"

"నాకు బాగా వినపడుతోంది. నీ పక్కనెవరో సుత్తితో కొడుతున్నారు."

"అదా… రేడియోలేవే."

"బావా, భయపెట్టకు. నాకిక్కడ ఎవరున్నారని? పొద్దుట్నుంచి కుళాయి చుక్కలు వింటూ కూర్చున్నా. పక్కింటావిడ తలుపేసుకుంటే మళ్ళీ దీపాలు పెట్టేవేళకే తీస్తుంది. నీకు దెబ్బ తగిలిందా? ఆస్పత్రిలో ఉన్నావా?"

"ఛ ఛ, నాకేం కాలేదు. పాప మీద ఒ…"

"పాప మీద ఒట్టేశావంటే చంపుతా!"

"వేయలేదు, వేయలేదు. నాకేం కాలేదు. షెడ్డులో ఉన్నా."

"షెడ్డులోనా? ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచి."

"మొన్నట్నుంచా? మరి నిన్నటి లోడు? ఈ బస్తాలు? ఈ కొండ?"

"ఏవీ లేవే. గేర్‌బాక్సు కాలిపోయింది. నూనె నల్లగా తారులా వచ్చింది. వాసన ఇంకా ముక్కులోనే ఉంది. ముక్కలన్నీ విప్పి బల్ల మీద పరిచారు. మెకానిక్కు నా మొహం వైపు కూడా చూడట్లేదు."

"అయ్యో. మరి ఎక్కడ పడుకుంటున్నావ్?"

"బండిలోనే. నీ సీటు మీద కాళ్ళు చాపుకుని."

"నా సీటు మీద కాళ్ళా!"

"నువ్వు లేవుగా. నువ్వుంటే పెట్టనిస్తావా?"

"ఫోన్ చేసినప్పుడే చెప్పొచ్చుగా. నేనేమన్నా కొడతానా?"

"ఏమని చెప్పను?"

"నీ చేతిలో బండి ఎలా కాలింది బావా? ముల్లు చూసుకోలేదా?"

"చూడలేదు."

"వేడి మించితే బజరు మోగాలిగా, మోగలేదా?"

"అది మూగబోయి ఎంత కాలమైంది! నువ్వుండగా బజరెందుకు నాకు? 'నూట అయిదు బావా, నూట ఎనిమిది బావా' అని చెవిలో నువ్వే మోగేదానివి. నేను మలుపులు చూసుకునేవాణ్ణి."

"పాప కడుపులో ఉన్నప్పుడు కూడా మీటరు చదివాను."

"సంచీలో కక్కుకుంటూ కూడా చదివావ్. 'నూట… ఆగు… నూట తొమ్మిది' అని."

"నవ్వించకు, పాప లేస్తుంది. అది అప్పటి సంగతి. ఇప్పుడు పక్కన నేను లేనని తెలుసుగా నీకు? ఒక్కడివే పోతున్నప్పుడు ఒక కన్ను ముల్లు మీద ఉంచమని ఎన్నిసార్లు చెప్పాను? నిద్రపట్టిందా?"

"లేదు."

"తాగావా?"

"ఛీ."

"మరి?"

"వదిలెయ్."

"వదలను. చెప్పు."

"చెప్తే నువ్విక ఫోన్ చెయ్యవు. నాకు తెలుసు. భయపడి మానేస్తావ్. నువ్వు ఫోన్ చెయ్యకపోతే ఆ బండిలో నేనుండలేనే."

"చేస్తాను. చేస్తానన్నాగా. చెప్పు బావా."

"మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు కొండ ఎక్కుతున్నా."

"పాప గోడ పట్టుకుని లేచి నిలబడిందని చేశాను."

"ఆ."

"చాలాసేపు వాగాను. నువ్వు ఊ కొడుతూనే ఉన్నావ్."

"స్పీకరు పెట్టి ఫోను నీ సీటులో పెట్టా. నీ గొంతు అక్కణ్ణుంచే వస్తోంది, ఎప్పట్లాగే. ముల్లు నువ్వు చూస్తున్నావులే అనుకున్నానే."