పడమటి గోడలో నేను పూడ్చిన కన్నం

నా పేరు కొప్పిశెట్టి అప్పాజీ. తండ్రి పేరు వీర్రాజు, కీర్తిశేషులు. వయస్సు అరవై మూడేళ్ళు. పెద్దాపురం మరిడమ్మ జాతర రోజుల్లో పుట్టానని మా అమ్మ చెప్పేది గాని, ఏ ఏటి జాతరో చెప్పేది కాదు. కాబట్టి ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ ఉండవచ్చు. వృత్తి ఇళ్ళకు రంగులు వేయడం. నలభై నాలుగేళ్ళుగా అదే పని. నివాసం రాజమండ్రి, ఆర్యాపురం. నేను బడికి వెళ్ళలేదు. దుకాణాల బోర్డులు రాస్తూ అక్షరాలు నేర్చుకున్నాను. చదవగలను, రాయగలను.

ఈ రోజు 1987 నవంబరు 10వ తేదీ, మంగళవారం. మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకు నా అంతట నేనే స్టేషనుకు వచ్చి ఎస్సై గారి ఎదుట చెబుతున్నాను. రాస్తున్నవారు రైటరు బుల్లిరాజు గారు. నన్ను ఎవరూ బెదిరించలేదు. బల్ల మీద కూర్చోమని మంచినీళ్ళు ఇచ్చారు. ఈ గది గోడకు సున్నం పొరలు లేచి ఉన్నాయి, పాత పొర గీకకుండా కొత్తది వేశారు. అది వేరే సంగతి.

ఈ ఉదయం తొమ్మిది గంటలకు నా దగ్గర పనిచేసే సత్తియ్యను గొలుసు దొంగతనం అనుమానం మీద ఇక్కడికి తీసుకొచ్చారు. ఆ గొలుసును ఎవరూ దొంగిలించలేదు. గోడలో ఉండగా దాని మీద సిమెంటు పూసింది నేను. ఎలా పూశానో వరసగా చెబుతాను.

కోటిలింగాల రేవుకు దగ్గరలో, గోదావరి గట్టు మీద కొత్తగా నాలుగంతస్తుల అపార్టుమెంటు కట్టారు. మూడో అంతస్తులో తొమ్మిదో నంబరు వాటా టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే సూర్యప్రకాశం గారిది. ఆయన తల్లి హైమవతి గారు కోనసీమ మనిషి. వయస్సు డెబ్బై దాటింది. ఆయన భార్య పుట్టింటికి వెళ్ళింది, ఇంట్లో తల్లీ కొడుకూ ఇద్దరే. మామూలుగా రంగులన్నీ అయ్యాక ఇంట్లో దిగుతారు. వీళ్ళకు సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తం దాటితే మళ్ళీ మాఘం దాకా మంచిరోజు లేదట. అందుకని గోడలు పచ్చిగా ఉండగానే పాలు పొంగించి దిగిపోయారు. అందుచేత మేము వాళ్ళ సామాను మధ్యలోనే పనిచేస్తున్నాం. బీరువాను హాలు మధ్యకు లాగి, దాని తలుపులను స్తంభానికి ఆనించి, పైన టార్పాలిన్ కప్పాం. దాన్ని తెరవాలంటే నలుగురు మనుషులు కావాలి.

ఏటి పక్క ఇంటికి రంగు వేయడం ఊళ్ళో ఇంటికి వేసినట్టు కాదు. వేసవిలో అయితే ఇసుక ఎగిరొచ్చి తలుపులకు వేసిన రంగు మీద అంటుకుంటుంది, చెయ్యి పెడితే గరుకు కాగితంలా ఉంటుంది. కార్తీకంలో ఇసుక రాదు గాని, పొద్దున్నే మంచు పడి పడమటి గోడ చెమరుస్తుంది. తొమ్మిది దాటితే గాని దాని మీద కుంచె పెట్టకూడదు. నాకు మాత్రం ఆ గోడే ఇష్టం. కిటికీలోంచి రెండు వంతెనలూ కనిపిస్తాయి, రైలు వెళితే నిచ్చెన మీద కాళ్ళకు సన్నగా తెలుస్తుంది. కొడుకు క్రీము రంగు అన్నారు, తల్లి పసుపు అన్నారు. నేను రెండూ కలిపి ఒక రంగు తీశాను. ఇద్దరూ ఎవరికి వారు తమ మాటే నెగ్గిందనుకున్నారు.

రైటరు గారు సంగతికి రమ్మంటున్నారు. వస్తున్నాను.

ఆ పడమటి గోడలో, నిలబడితే ఛాతీ ఎత్తున, ఒక కన్నం ఉంది. మేస్త్రీ కరెంటు స్విచ్చుల పెట్టె కోసం తవ్వి, తరవాత పెట్టెను ఇంకోచోట బిగించి, దీన్ని అలాగే వదిలేశాడు. చెయ్యి మణికట్టు దాకా పడుతుంది. అలాంటి కన్నాలను మా పనిలో రెండు విడతలుగా మూస్తాం. ముందు లోపల గోనెపీచు కుక్కుతాం. దాని మీద సిమెంటు, ఆరాక నునుపుకు లప్పం, ఆ పైన రంగు. కుక్కడం సత్తియ్య పని, పూడ్చడం నా పని. ఇరవై రెండేళ్ళుగా ఇదే పద్ధతి. లోపల ఏదైనా కుక్కి ఉందంటే ఇక పూడ్చవచ్చు అని నాకు గుర్తు. మేము మాట్లాడుకోనక్కరలేదు.

నిన్న నవంబరు 9, కార్తీక సోమవారం. ఉదయం ఆరు గంటలకు హైమవతి గారు ఏటి స్నానానికి వెళ్ళారు. అంతకు ముందు సోమవారం రేవులో తొక్కిసలాటకు ఎవరి మెడలోదో గొలుసు నీళ్ళలో జారిపోయిందట. అందుకని ఆవిడ తన రెండు పేటల గొలుసు తీసి, పాత పట్టుచీర ముక్కలో చుట్టి, ఆ కన్నంలో పెట్టి వెళ్ళారు. బీరువా తెరుచుకోదు కదా. ఆవిడ పల్లెలో ఉన్నన్నాళ్ళూ గోడ గూట్లోనే గొలుసు దాచుకునేవారట. ఈ సంగతి నాకు ఈ రోజే తెలిసింది.

నిన్న ఎనిమిది గంటలకు నేనూ సత్తియ్యా పనిలోకి వచ్చాం. సూర్యప్రకాశం గారు తలుపు తీసి, తాళం చెవి నా చేతికిచ్చి ఆఫీసుకు వెళ్ళిపోయారు. హైమవతి గారు గుడికి వెళ్ళి, అటునుంచి కింద వాటాలో స్నేహితురాలి ఇంట్లో ఉండిపోయారు. ఉపవాసం కడుపుతో టర్పెంటైన్ వాసన పడదని. ఎనిమిదిన్నరకు నేను సిమెంటు కలిపి కన్నం దగ్గరకు వెళ్ళాను. లోపల గుడ్డ ఉంది. ఎర్ర అంచు ఉంది. ఇంత మంచి గుడ్డ వీడికి ఎక్కడిది అనుకున్నాను. సత్తియ్య వంటగదిలో కిటికీ చువ్వలు గీకుతున్నాడు. పదడుగుల దూరం. అడగలేదు. గోనెపీచు అయిపోయిందేమో, చేతికి దొరికింది కుక్కాడు అనుకున్నాను. అడగలేదు. సిమెంటు పెట్టి తాపీతో చదును చేశాను. పదకొండుకు లప్పం, మూడు గంటలకు మొదటి పూత. ఆరకుండా పూత వేయడం తప్పు. ఆదివారం చుట్టాలు వస్తారని తొందరపెట్టారు, వేశాను.

మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా సత్తియ్య ఇంట్లో లేడని ఫిర్యాదులో రాశారని విన్నాను. నిజమే. అతను రంగు వేసే ఇంట్లో తినడు. కొవ్వూరు నుంచి రోజూ రైల్లో తెచ్చుకున్న క్యారేజీ పట్టుకుని రేవు మెట్ల మీద కూర్చుని తింటాడు. ఆఖరి ముద్ద చేపలకు వేస్తాడు. రేవులో ఎవరిని అడిగినా చెబుతారు. చేపలు అతన్ని గుర్తుపడతాయని అతని నమ్మకం. దాని గురించి మా ఇద్దరికీ వాదన ఉంది గాని అది ఇక్కడ రాయనక్కరలేదు.

సాయంత్రం అయిదున్నరకు మేము వెళ్ళిపోయాం. ఆరున్నరకు హైమవతి గారు చుక్కను చూసి పైకొచ్చి గొలుసు కోసం చెయ్యి పెడితే నున్నటి గోడ తగిలింది. గూట్లో పెట్టానని ఆవిడ, ఈ ఇంట్లో గూడే లేదని కొడుకు. ఆయన ఎప్పుడూ ఆ గోడను పరకాయించి చూసిన మనిషి కాదు. పల్లెలో ఇల్లు తలుచుకుని మాట్లాడుతున్నావు అన్నారట. కాసేపటికి ఆవిడకే అనుమానం వచ్చింది. గోడంతా తడిమి, తన మతి మీద తనకే నమ్మకం పోయి, ఊరుకున్నారు. ఈ ఉదయం కొడుకు ఫిర్యాదు ఇచ్చారు. నా మీద ఎందుకు ఇవ్వలేదో తెలియదు. తల నెరవడం వల్ల ఈ ఒక్క లాభం కలిగింది కాబోలు.

ఈ ఉదయం నేను రంగుల దుకాణానికి వెళ్ళి పదిన్నరకు పనిలోకి వచ్చాను. అప్పటికే సత్తియ్య లేడు. సూర్యప్రకాశం గారు జరిగింది చెప్పి, నా మొహం చూడలేక కిటికీ వైపు తిరిగారు. హైమవతి గారు టార్పాలిన్ పక్కన చాప మీద కూర్చుని ఉన్నారు. నన్ను దగ్గరకు రమ్మన్నారు.

"అప్పాజీ, నాకు నిజం చెప్పు. ఈ గోడకి గూడు ఉందా, లేదా?"

"ఉండేదండి అమ్మగారూ. గూడు కాదు, మేస్త్రీ వదిలేసిన కన్నం. నేనే పూడ్చాను."

"అందులో గుడ్డ ఉందా?"

"ఎర్ర అంచుదండి."

ఆవిడ కొడుకును పిలిచి, "విన్నావా? నా మతి సరిగ్గానే ఉంది" అన్నారు. గొలుసు సంగతి ఆ తరవాతే ఎత్తారు.

నేను గోడ వైపు చూశాను. రంగంతా ఆరింది గాని, కన్నం ఉన్నచోట మాత్రం అట్టు అంత మేర తేమగా, ముదురు రంగులో ఉంది. పొద్దున్న లోపలికి వచ్చిన ఎవరికైనా కనిపిస్తుంది. ఏమిటని అడగడం ఎవరికీ తోచలేదు. సుత్తీ ఉలీ తీసుకున్నాను. పదకొండు ఇరవైకి, తల్లీ కొడుకుల ఎదుట, నా పని నేనే పగలగొట్టాను. నలభై నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి. సిమెంటు బాగా పట్టింది, తొందరగా ఊడలేదు. ఆ మాట గొప్పకు చెప్పడం లేదు. మూటలో గొలుసు ఉంది. ఒక కొస సిమెంటు అంటుకుంది. ఆవిడ చింతపండు పెట్టి తోమారు. సూర్యప్రకాశం గారు స్కూటరు మీద నన్ను ఎక్కించుకుని వచ్చారు. గొలుసుతో బయట వరండాలో కూర్చుని ఉన్నారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని ఆయన వేరే కాగితం రాస్తున్నారు.

బయలుదేరేటప్పుడు హైమవతి గారు మా ఇద్దరికీ కలిపి చెప్పిన మాట ఇది: "సత్తియ్యని తీసుకురండి. అతను వచ్చి ఇక్కడ కూర్చునేదాకా నేను ముద్ద ముట్టను. నిన్నా ఉపవాసమే, ఇవాళా ఉపవాసమే." కాబట్టి ఎస్సై గారు దయచేసి త్వరగా కానివ్వవలసింది.

నేను ఇంకొకటి మనవి చేయాలి. మాకు జనం ఇంటి తాళం చెవి ఇచ్చి ఊళ్ళకు వెళతారు. స్టేషనుకు పిలిపించారన్న మాట ఒక్కసారి పుడితే ఆ చెవి మళ్ళీ చేతిలో పెట్టరు. సత్తియ్యకు రంగు తప్ప వేరే పని రాదు. అందుకని అతని పేరు ఎక్కడ రాశారో అక్కడే, తప్పు అప్పాజీది అని కూడా రాయవలసింది. అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు.

పైన రాసినదంతా రైటరు గారు చదువుతుండగా ఎస్సై గారు సత్తియ్యను లోపలి నుంచి పిలిపించి నా పక్కన కూర్చోబెట్టారు. అతను మొత్తం విన్నాడు. నా వైపు తిరిగి ఒక్కటే అడిగాడు.

"గురువుగారూ, నేను గుడ్డ కుక్కుతానని ఎలా అనుకున్నారండి?"

గుడ్డ తేమ పీల్చుకుంటుంది, ఏడాది తిరక్కుండా పైన లప్పం పొంగి రాలిపోతుంది. ఆ సంగతి ఇరవై రెండేళ్ళ క్రితం అతనికి నేర్పింది నేనే. ఆ రోజు నుంచి అతను ఒక్క కన్నంలోనూ గుడ్డ కుక్కలేదు. దొంగ అని వేరేవాళ్ళు అనుకున్నారు, పని చెడగొడతాడని నేను అనుకున్నాను. ఆ మాట కూడా రాయమన్నాను. రాశారు.

కన్నం మళ్ళీ పూడ్చం. హైమవతి గారు దాన్ని అలాగే ఉంచి, చుట్టూ కమాను తీర్చి గూడు చేయమన్నారు. లోపలి రంగు సత్తియ్య వేస్తాడు. ఏ రంగో అతన్నే అడుగుతాను.

ఇందులో ఉన్నదంతా నా నోటితో చెప్పింది, నా కళ్ళతో చదువుకుని సరిచూసింది. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట దాచలేదు.

(సంతకం) కొప్పిశెట్టి అప్పాజీ

రైటరు గారు నన్ను చూసి ముందే వేలిముద్రల సిరా తీసి పెట్టారు. సంతకం చేస్తానంటే కాగితం జరిపారు. అక్షరాల కింద బోర్డుకు వేసినట్టు నీడ గీయబోతే వద్దన్నారు. ఆ సిరా వృథా పోకుండా, చదివినప్పుడు విన్నానని సత్తియ్య వేలిముద్ర వేస్తానన్నాడు. ముద్దాయి సాక్షిగా ఎలా వేస్తాడని రైటరు గారు అడిగారు. ఇప్పుడు ముద్దాయి ఎవరూ లేరు, వేయనీ అన్నారు ఎస్సై గారు. అతని బొటనవేలి గోరు చుట్టూ ఇంకా ఆ పడమటి గోడ రంగే ఉంది.

(ఎడమ బొటనవేలి ముద్ర) సత్తియ్య, కొవ్వూరు