మీ మావయ్య పడవలో, నేను గట్టు మీద

"అత్తయ్యా, నువ్వూ మావయ్యా కాలవలో పడవేసుకుని ఊళ్ళు తిరిగేవారంట గదా. ఎలా వెళ్ళేవారు?"

ఎలా ఏవిటే, మెల్లగా వెళ్ళేవాళ్ళం. అదే కదా అసలు సంగతి. మీ మావయ్య బస్సు కండక్టరు గదా, గుడివాడ నుంచి అవనిగడ్డ రూట్లో ఎన్నేళ్ళు తిరిగారో. రిటైరైన రోజున, ఆ రోజు కాదులే, తర్వాతెప్పుడో, అన్నం ముందు కూర్చుని "సరోజా, ఆ దారిలో ఒక్క ఊరూ చూళ్ళేదే నేను. టిక్కెట్లూ చిల్లరా చూశాను, అంతే" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

మంగినపూడి బీచి దగ్గర ఎవరో హోటలు మూసేస్తూ సామాన్లు అమ్మేస్తుంటే, అందులో ఓ కయాక్ కొనుక్కొచ్చారు. కయాకంటే సన్నటి ప్లాస్టిక్ పడవే, ఆనపకాయని నిలువునా కోసి గుజ్జు తీసేసినట్టుంటుంది. ఒక్కళ్ళకే చోటు. మరి నాకు? సైకిలు! అరవై దగ్గరపడ్డాక సైకిలు నేర్చుకున్నానమ్మా నేను. మా చిన్నప్పుడు బందర్లో పావలా ఇస్తే గంటకి అద్దెసైకిలు ఇచ్చేవాళ్ళు. మీ నాన్న తెగ తొక్కేవాడు. నన్ను ముట్టుకోనిచ్చారా? "ఆడపిల్లకెందుకే" అనేవాడు మా నాన్న. సర్లే, ఏం చెప్తున్నాను? ఆఁ, సైకిలు.

ఆయన కాలవలో తెడ్డేసుకుంటూ, నేను స్టవ్వూ గిన్నెలూ సైకిలుకి కట్టుకుని గట్టు మీద. కబుర్లు చెప్పుకుంటూనే వెళ్ళేవాళ్ళం. గుర్రపుడెక్క కాలవ నిండా అల్లుకుపోయి అడ్డమొస్తే పడవ గట్టెక్కించి ఇద్దరం మోసేవాళ్ళం. ఎండ తగ్గాక ఆయన సైకిలెక్కేవారు, నేను పడవెక్కేదాన్ని. మోపిదేవిలో దర్శనానికొచ్చిన ఒకావిడ మమ్మల్ని చూసి "ఏంటండీ పిన్నిగారూ, మీ ఊరికి బస్సుల్లేవా?" అంది. "ఉన్నాయమ్మా, ఈయన అందులోంచే దిగొచ్చారు" అన్నాను. మీ మావయ్య ఆ రోజంతా తలుచుకు తలుచుకు నవ్వారు.

ఆ ఏడు కోడూరు దాకా వెళ్ళాం. ఇంకాస్త వెళ్తే సముద్రమే. కానీ తుఫానన్నారు, వెనక్కొచ్చేశాం. "వచ్చే ఏడు చూద్దాంలే" అనుకున్నాం.

ఆ వచ్చే ఏటికి ఆయనకి గుండె జబ్బు. స్టెంటు వేశారు. తెడ్డు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అయినా వింటేనా? పడవని ట్రాలీ ఆటోలో వేయించి, నన్నెక్కించుకుని, కోడూరు దాటి ఏటి రేవుకి తీసుకెళ్ళారు. అక్కడ నాంచారయ్యని, చేపల వేటకెళ్తాడు, అంతకు ముందేడు పరిచయం, అతనితో ముందే మాట్లాడేసుకున్నారు. నేను కయాక్‌లో వెళ్ళాలంట, అతను తన పడవలో నా పక్కనే వస్తాడంట. ఈయనేమో రేవులో కూర్చుంటారంట.

"వెళ్ళి చూసిరా సరోజా. ఏరు సముద్రంలో కలిసేచోట నీళ్ళు రెండు రంగుల్లో ఉంటాయంటున్నాడు. నిజమో కాదో వచ్చి చెప్పు."

"మీరు లేకుండా నాకెందుకండీ సముద్రం?"

"నువ్వు చూస్తే నేను చూసినట్టేనే."

"నాకొద్దు. మీ పక్కనే కూర్చుంటాను" అని ఆ రేవు మెట్టు మీదే చతికిలబడ్డాను.

పెద్ద ప్రేమనుకున్నాను మరి. నాంచారయ్య తెడ్డు పట్టుకుని అలాగే నిలబడ్డాడు పాపం. "సరే, పద" అని మీ మావయ్యే లేచారు. ఆటోలో దారి పొడుగునా బయటికే చూస్తూ కూర్చున్నారు. నా మీద కోప్పడినా బావుండేది.

మాఘమాసంలో పోయారు.

ఆయనకి కావాల్సింది పక్కన కూర్చునే మనిషి కాదే. చూసొచ్చి చెప్పే మనిషి. ఆ పూట నాకది తట్టలేదు, చూడు. తర్వాత వెళ్ళాన్లే, నాంచారయ్యే తీసుకెళ్ళాడు. నిజమే, ఇటు మట్టిరంగు, అటు ఆకుపచ్చ, మధ్యలో నురగ గీత గీసినట్టు. చూసి వెనక్కి తిరిగాను. దూరం నుంచి రేవు కనపడింది. మెట్ల మీద ఎవరూ లేరు. ఇక తెడ్డు వెయ్యబుద్ధి కాలేదమ్మా, నాంచారయ్యే తాడు కట్టి లాక్కొచ్చాడు.

మీ ఆయన ఎప్పుడన్నా, నువ్వెళ్ళి చూసిరా అంటే మొండికెయ్యకే. వెళ్ళిరా. వచ్చి తీరిగ్గా కూర్చుని అన్నీ చెప్పు. ఇద్దరూ చల్లగా ఉండండి, కాళ్ళలో సత్తువున్నప్పుడే తిరగండి, రేపూ మాపూ అనకుండా... అదిగో, నీ ఫోనేనా మోగేది? మీ ఆయనేమో, తియ్యి. నాదేముంది, ఎప్పుడూ ఉండే సోదేగా... మాట్లాడు తల్లీ, మాట్లాడు...