చెవిలో చెప్పిన పేరు

సూర్యాపేటలో ఒక బడి. ఉపాధ్యాయుల శిక్షణ జరుగుతున్న గదిలోంచి ఉషారాణి విసురుగా వరండాలోకి వచ్చేసింది. చివ్వెంల దగ్గరి బడిలో ఆమెతో కలిసి పనిచేసే సంగీత వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

"చెయ్యి ఇడువు సంగీతా."

"అక్కా, జర ఆగక్కా. ఒక్క మాట."

"ఇంక మాటేంది? సరిపోలేదా? అంతమంది ముందట నన్ను బొమ్మను చేసి ఆడిచ్చినవ్ గద."

"అట్ల కాదక్కా..."

"మరెట్ల? ట్రైనింగ్ ఇచ్చేతందుకు వచ్చిన ఆ కోదాడ సాయిబాబు సారు ఏమన్నడు? మనల్ని పక్కోళ్లు ఎట్ల సూస్తున్నరో తెలుసుకునే ఆట అన్నడు. ఒకల చెవిల ఒక పేరు చెప్తడు. ఆళ్లు నోరు మెదపకుండ ఆ మనిషి లెక్క చేసి సూపియ్యాలె, మిగిలినోళ్లు అది ఎవరో చెప్పాలె. లింగస్వామి సారు మన హెడ్మాస్టరు లెక్క బెల్టు పైకి గుంజుకుంట నడిచిండు. నవ్వినం. మంచిగనే ఉంది. నీ వంతు వచ్చేసరికి నువ్వేం చేసినవ్? చెప్పు. నీ నోటితోనే చెప్పు."

"బడి గేటు దాక నడుసుకుంట పోయినట్టు చేసి ఆగిన."

"ఆగి?"

"వెనక్కి తిరిగి చెయ్యి చాపిన. బ్యాగు అందుకునేతందుకు."

"ఎవలి బ్యాగు?"

"అక్కా, వద్దు."

"ఎవలి బ్యాగు సంగీతా? నా బిడ్డ బ్యాగు. పోయిన నా దీప బ్యాగు. అందుకొని భుజానికి తగిలిచ్చుకొని, వెనక ఎవ్వరు లేరని యాదికొచ్చినట్టు చెయ్యి దించేసినవ్. ఇంట్ల అద్దం ముందట నిలబడి నేర్చుకున్నవా ఆ యాక్టింగు?"

"నేర్చుకోలే అక్కా. రోజు సూస్తున్న."

"ఏం సూస్తున్నవ్? నేనెన్నడు గేటు కాడ ఆగిన? లాంగ్ బెల్ కొట్టంగనే ఆటో ఎక్కుత. దాని బ్యాగు నేనెన్నడు మోసిన? లేనిది పుట్టిచ్చి చేసినవ్. అది సూసి అందరు ఒక్కపాలి 'ఉషా మేడం, ఉషా మేడం' అన్నరు. పొడుపుకథ ఇప్పినట్టు సంబురపడ్డరు."

"సంబురం కాదక్కా. శాన మంది కళ్లల్ల నీళ్లు తిరిగినయ్."

"అదే నాకు ఇంక కోపం. పోయిన వానకాలం సంది నేను ఒక్క పాఠం ఎగబెట్టిన్నా? లెక్కలు చెప్తున్న, పేపర్లు దిద్దుతున్న. అయినా వీళ్లకు నేను లెక్కల టీచర్ను కాదు, పిల్లను పోగొట్టుకున్నామెను. నేను స్టాఫ్ రూంల అడుగు పెడితె నవ్వేటోళ్లు నవ్వు మింగుతరు. నా ముందట వాళ్ల పిల్లల ముచ్చట తియ్యరు. ఇయ్యాల ఆట పేరు మీద అదే మొఖం తెచ్చి నాకు తగిలిచ్చిండ్రు."

"ఉషారాణి గారూ, మేడమ్, మధ్యలో వచ్చేస్తే ఎలాగండీ? ఆట ఇంకా పూర్తికాలేదు."

"సాయిబాబు సారూ, మీకు ఆట పూర్తి కావాల్నా?"

"అది కాదండీ. మీ అమ్మాయి సంగతి నాకు తెలియదు. ఇప్పుడే లోపల ఎవరో చెప్పారు. తెలిస్తే ఇది పెట్టేవాణ్ణే కాదు. కానీ అందరి నోటా ఎవరి పేరొచ్చిందో వాళ్లు లేచి, నేను నిజంగా ఇదేనా అని మాట్లాడాలి. ఆ తర్వాతే నేను అసలు జవాబు చెబుతాను. అప్పుడు మనసు తేలికపడుతుంది."

"తేలిక చేసేతందుకు వచ్చిండ్రా మీరు? పొద్దుగూకితె మీరు కోదాడ బస్సెక్కి పోతరు. మేం రేపు మళ్ల అదే స్టాఫ్ రూంల మొఖాలు సూసుకుంట కూసోవాలె."

"మీ కోపంలో న్యాయం ఉందండీ. కానీ అక్కడ జరిగింది మీరనుకున్నది కాదు. నేను సంగీత గారికి చెప్పింది..."

"సార్, మీరు ఆగుండ్రి."

"వారికి తెలియాలి కదమ్మా..."

"ఆగుమన్న గద సార్!"

"ఏందే సంగీతా, ఇద్దరు కలిసి ఏం దాస్తుండ్రు?"

"ఏం లేదక్కా. లోపలికి పోదాం పా. నాగయ్య సారు ఒక్కడే కూసున్నడు."

"ఆయన పేరెత్తకు."

"మీ ఆయనే గదక్కా..."

"మా ఆయనే! అందరికన్న ముందు నా పేరు అన్నది ఎవరో ఇన్నవా? 'ఇంకెవరు, మా ఉష' అని వెనక బెంచీల నుంచి నవ్విండు. ఊరోళ్లు అంటె పడ్త. కట్టుకున్నోడు నవ్వుడేంది?"

"అది నవ్వు కాదక్కా."

"నాకు తెల్వదా నవ్వంటె? పిల్ల పోయిన నెల తిరగకముందే దాని బట్టలు, పుస్తకాలు మూటగట్టి ఎవలెవలికో పంచిండు. మన బడిలనే జోకులేస్తడు, కబడ్డీ ఆడిస్తడు, ఇంటికొస్తె టీవీ పెట్టుకుంటడు. ఒక్కనాడు... ఒక్కనాడన్న ఆయన కండ్లు తడిగైతె సూడలే నేను. ఆయన బండి ఎక్క బుద్ధి కాకనే ఆటోల తిరుగుతున్న. ఇయ్యాలతోని అది గూడ ఖతం."

"ఖతం అంటె?"

"బట్టలు సర్దుకొనే వచ్చిన. గిటు నుంచి గిటే మిర్యాలగూడ బస్సెక్కుత. మా అమ్మ కాడ ఉంట."

"మళ్ల ఎప్పుడొస్తవ్?"

"వస్తె గద చెప్పేతందుకు."

"అక్కా! సారుకు చెప్పినవా?"

"చెప్తె ఏమంటడు? అదో జోకు చేస్తడు."

"సంగీత గారూ, ఇప్పుడైనా చెప్పండి. లేకపోతే నేను చెప్పేస్తాను."

"ఎట్ల చెప్పాలె సార్? నేను చేస్తుంటెనే నా దిక్కు సూసి వద్దని తల ఊపిండు. దండం పెట్టినట్టే సూసిండు."

"ఎవలు? ఎవలు తల ఊపిండ్రు?"

"అక్కా, దీప రోజు బడి నుంచి ఎవరి బండి మీద పోయేది?"

"వాళ్ల నాయిన బండి మీద. అది ఎవలకు తెల్వదు?"

"బండి ఎక్కే ముందు గేటు కాడ దాని బ్యాగు ఎవరు అందుకునేటోళ్లు?"

"ఎందుకడుగుతున్నవే గియన్ని?"

"చెప్పక్కా."

"సంగీతా..."

"నువ్వు ఆటో ఎక్కినంక, పిల్లలంత పోయినంక వస్తడు. గేటు కాడ ఆగుతడు. వెనక్కి తిరిగి చెయ్యి చాపుతడు. నేను పైన టెన్త్ పిల్లలకు స్పెషల్ క్లాసు చెప్పుకుంట కిటికీల నుంచి సూస్త. ఎవ్వలకు చెప్పలే. ఇయ్యాల ఈ సారు నా చెవిల ఆ పేరు చెప్పంగనే ఇంకేం తోచలే నాకు. ఆ రూంలనే కూసున్నడన్న సోయి గూడ లేదు. తప్పే నాది. నా చెవిల చెప్పిన పేరు నీది కాదక్కా. నాగయ్య సారుది."

"ఆయన పేరా?"

"కూసో అక్కా. మంచినీళ్లు తేనా?"

"మరి అందరికన్న ముందు నా పేరెందుకు..."

"ఎవలన్న ఆయన పేరు అంటరేమోనని."

"ఎవ్వలు అనలే."

"అనలే. ఒక్కలు గూడ అనలే."

"నాకు గూడ తట్టలే."

"మేడమ్, క్షమించండి. నేనే లోపలికి వెళ్లి అసలు పేరు చెప్పేస్తాను. అందరికీ తెలిస్తే ఆయనకు కూడా కొంత..."

"చెప్పకుండ్రి. ఆయన పేరు బైటికి రావద్దు."

"జవాబు కోసం వాళ్లంతా కూర్చుని ఉన్నారండీ."

"ఒకసారి చెప్తె ఇనరా సారూ? పేరొచ్చినోళ్లు లేచి మాట్లాడాలె అంటిరి. నేనే వచ్చి మాట్లాడుత. పాండ్రి. ఆ గేటు కాడ రోజు ఆగేది నేనే."